అక్క పంచిన చలిమిడి

నాకు కోపం వస్తే అరవను. మాట మానేస్తాను. ఈ గుణం పుట్టింటి వైపు నుంచి వచ్చింది. మా మేనత్తలిద్దరూ ఒకే వీధిలో కాపురాలు చేస్తూ, ఎవరి పెళ్ళిలోనో వడ్డన దగ్గర మొదలైన పట్టింపుతో మనవలు పుట్టేదాకా పలకరించుకోలేదు. మా ఇంట్లో దీన్ని మొండితనం అనరు, పౌరుషం అంటారు. నేను అమెరికాలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో నా పచ్చడి పొట్లాలన్నీ విప్పించి చూశారు గానీ ఈ పౌరుషం మాత్రం ఏ తనిఖీలోనూ పట్టుబడలేదు.

మేముండేది ఇల్లినాయ్‌లోని అరోరాలో. కొత్త పెళ్ళికూతురిగా నేను వచ్చింది జనవరిలో. మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవడం మొదట్లో సరదాగానే ఉండేది, తర్వాత్తర్వాత ఏడుపొచ్చేది. అలా ముక్కు చీదుకుంటూ కూర్చున్న ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఒకావిడ. నైటీ మీద మోకాళ్ళదాకా కోటు, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో ఫాయిల్‌లో చుట్టిన జొన్నరొట్టెలు.

"కొత్తగ వచ్చినవంట గదా. ఎదురింట్లనే ఉంటం. తిన్నవా?" అంది. నేను జవాబు వెతుక్కునేలోగా బూట్లు విడిచి లోపలికి వచ్చేసింది.

ఆవిడ కరీంనగర్ వైపు మనిషి, నేను తెనాలి దగ్గర దాన్ని. నాకంటే పదేళ్ళు పెద్ద. ఒకటో తరగతి చదివే కూతురు ఉండేది. భర్త సాఫ్ట్‌వేర్, తను ఒక మందుల షాపులో పనిచేసేది. నేను "అక్కా, మీరు" అంటే "గంత మర్యాద నాకు అరగదు చెల్లె" అనేది. అయినా నాకు ఆ "మీరు" పోలేదు, ఆవిడకి ఆ "చెల్లె" పోలేదు.

మంచు గడ్డకట్టిన దారిలో జారిపడకుండా బాతులా అడుగులు వేయడం నేర్పింది ఆవిడే. డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. అంతకుముందు ఒక శనివారం మా ఆయన నేర్పబోయి, నాలుగు రోడ్ల కూడలిలో "బ్రేక్! బ్రేక్!" అని అరిచిన అరుపుకి నేను కారు దిగి నడిచి ఇంటికొచ్చేశాను. అక్క ఆ సంగతి విని పడీ పడీ నవ్వింది. "మొగని దగ్గర నేర్చుకుంటే లైసెన్స్ కంటే ముందు విడాకులొస్తయ్. నేను నేర్పిస్త పా" అని గుడి పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళింది. వారం మధ్యలో అక్కడ ఎవరూ ఉండరు. నేను కారుని మంచుగుట్టలోకి ఎక్కించినా ఆవిడ గొంతు పెంచేది కాదు. "ఏం కాదు, మంచే గద, కరుగుతది" అనేది.

అంత మంచి మనిషికి ఒకటే బలహీనత. కడుపులో మాట దాగదు. చెడ్డ కబురైతే ఎంత గుట్టుగానైనా ఉంచుతుంది, మంచి కబురైతే మాత్రం ఆవిడ చేతిలో లేదు. మా అపార్ట్‌మెంట్లలో ఒకాయనకి గ్రీన్‌కార్డ్ అప్రూవ్ అయితే, ఆ సంగతి ఆయన భార్యకి బట్టలుతికే గదిలో అక్క ద్వారా తెలిసింది. ఆయన సాయంత్రం పూలగుత్తి పట్టుకుని ఇంటికెళ్ళేసరికి ఆవిడ పాయసం వండేసి కూర్చుంది.

2007లో చలి మొదలవుతున్న రోజుల్లో నాకు నెల తప్పింది. మా ఆయన తర్వాత చెప్పింది అక్కకే, మా అమ్మకి కూడా ఆ తర్వాతే. ఎవరికీ చెప్పొద్దన్నాను. "నాకు తెల్వదా ఏంది" అంది. నిజానికి చాలా నిగ్రహించుకుంది కూడా. మెయిల్‌బాక్స్ దగ్గర నలుగురిలో నేను ఎదురుపడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగిపోయేది. ఆ అవస్థ చూసి మా ఆయన ఇంటికొచ్చి నవ్వేవాడు.

మా వైపు మూడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి ఆడపిల్ల ఒడిలో పెడతారు. తడి బియ్యప్పిండిలో బెల్లం, నెయ్యి కలిపి చేసే తీపి ముద్ద. కడుపు చల్లగా ఉండాలని పెడతారు. అప్పటికి సంగతి ఇంకా బయటపెట్టరు కాబట్టి గుట్టుగా తెచ్చి, గుట్టుగా పెట్టి వెళ్ళిపోతారు. దొంగ చలిమిడి అంటారు దాన్ని. అమ్మ అంత దూరం రాలేదు కనుక, ఫోన్‌లో అక్కకి అప్పజెప్పింది. బియ్యం ఎంతసేపు నానాలో, పిండి తడి ఆరకముందే బెల్లం ఎలా కలపాలో వివరంగా చెప్పింది. "అక్కడ దానికి పుట్టిల్లు మీరేనమ్మా, మీ చేత్తో పెట్టండి" అంది. అక్క కళ్ళు తుడుచుకుంది. గుట్టుగా పెట్టాలన్న ముక్క మాత్రం అమ్మ చెప్పలేదు. మా వైపు అది ఎవరికీ విడిగా చెప్పక్కర్లేని సంగతి. పేరు కూడా ఉత్త చలిమిడి అనే అంది.

అక్క వాళ్ళ వైపు ఆడపిల్లకి ఒడి నింపడమంటే నలుగురు ముత్తైదువలు కూర్చుని చేయాల్సిన పని. తీపి చేసి పంచకపోతే అసలు చేసినట్టే కాదు. అమ్మే పెట్టమంది కనుక ఇక దాచక్కర్లేదనుకుంది.

"శనివారం అన్నానికి రా. చీర కట్టుకో" అంది. గుమ్మం ముందు ఆడవాళ్ళ బూట్ల గుట్ట చూసినప్పుడే నాకు అర్థం కావలసింది. లోపల మా అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళందరూ పట్టుచీరల్లో కూర్చుని ఉన్నారు. కుర్చీ మీద శాలువా పరిచి నన్ను కూర్చోబెట్టారు. కాళ్ళకి పసుపు రాశారు, చేతులకి గాజులు తొడిగారు. అక్క నా ఒడిలో చలిమిడి పెట్టి, నా బుగ్గలు పుణికి, "మా చెల్లె తల్లి కాబోతున్నది" అని గదంతా వినిపించేలా చెప్పింది. ఎవరో మంగళహారతి పాడారు. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరికీ జిప్‌లాక్ కవర్లో ఇంత చలిమిడి పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఆ ముచ్చటంతా ఫోన్‌లో అమ్మకి కూడా తనే చెప్పింది. అమ్మ "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ నెల తిరక్కుండానే ఆ బిడ్డ మాకు దక్కకుండా పోయింది.

ఇలాంటివి జరుగుతుంటాయి, ఎవరి తప్పూ కాదు, నువ్వు తిన్నదాని వల్లా కాదు, చేసినదాని వల్లా కాదు అని డాక్టర్ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అక్క కూడా మందుల షాపులో పనిచేసే మనిషే, ఆ మాట ఆవిడకీ తెలుసు. తెలియడం వేరు. చలిమిడి తిన్న ప్రతి ఇంటి నుంచీ నాకు ఫోన్ వచ్చింది. ఒకరు ఏడ్చారు, ఒకరు కషాయం చెప్పారు, ఒకరు దిష్టి తగిలిందన్నారు. వాళ్ళందరూ మంచివాళ్ళే. కానీ ప్రతిసారీ నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ "అందరికీ ఎందుకు తెలియనిచ్చారే" అంది. ఆ ప్రశ్న నా లోపల గట్టిగా కూర్చుంది.

అక్క మిరియాల చారు పట్టుకుని వచ్చింది. నేను తలుపు సగం తీసి, "చెప్పొద్దన్నాను కదక్కా" అన్నాను. ఆవిడ చారు గిన్నె ముందుకి చాపింది. నేను తలుపు వేసేశాను.

ఆ తర్వాత చాలా రోజులు మా గుమ్మం ముందు డబ్బాలు కనిపించేవి. ఒకరోజు పప్పు, ఒకరోజు జొన్నరొట్టెలు. మా ఆయన తినేవాడు, నేను ముట్టేదాన్ని కాదు. ఎవరైనా ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మనవాళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. నేను ఆ డబ్బాలు తళతళలాడేలా కడిగి, ఖాళీగా ఆవిడ గుమ్మం ముందు పెట్టి వచ్చేదాన్ని. కొన్నాళ్ళకి డబ్బాలు రావడం ఆగిపోయింది.

అలా మొదలైన ఎడమొహం పెడమొహం ఏళ్ళు సాగింది. నా వీసా మారి ఉద్యోగం వచ్చింది, మేము టౌన్‌హోమ్ కొనుక్కుని ఊరికి ఆ చివరకి మారాం. అయినా అరోరా ఎంతని. ఇండియన్ స్టోర్‌లో ఆవిడ కనిపిస్తే బియ్యం బస్తాల వెనక్కి తప్పుకునేదాన్ని. ఒకసారి అలా తప్పుకుని అవసరం లేకపోయినా ఇడ్లీ రవ్వ కొనుక్కుని వచ్చాను. గుడిలో ఆవిడ ఎడమ నుంచి ప్రదక్షిణం మొదలుపెడితే, అటే తిరగాలి గనక, నేను ఆవిడ వెనకాలే నడవలేక మెట్ల మీద కూర్చునేదాన్ని. మా ఇద్దరి భర్తలూ మాత్రం ఆదివారాలు వాలీబాల్ ఆడుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళకి పౌరుషం బంతి దగ్గరే వస్తుంది కాబోలు.

రాష్ట్రం విడిపోతుందా లేదా అని అందరూ వాదించుకుంటున్న ఏళ్ళవి. నాది ఆంధ్ర, ఆవిడది తెలంగాణ కాబట్టి మేము ఆ గొడవలోనే మాట మానేశామని చాలామంది అనుకున్నారు. అంత పెద్ద కారణం అయాచితంగా దొరికింది కదా అని నేనూ కాదనలేదు. అసలు కారణం బయటికి చెప్పలేనంత చిన్నదీ, చెప్పలేనంత పెద్దదీ.

ఆవిడ కూతురు మాత్రం ఎక్కడ కనిపించినా పరిగెత్తుకుంటూ వచ్చేది. ఒకసారి ఏదో పుట్టినరోజు పార్టీలో నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీరు మా మమ్మీతో మాట్లాడరు, బట్ నాతో మాట్లాడతారు. హౌ కమ్?" అని అడిగింది. నేను దాని ప్లేట్‌లో ఇంకో సమోసా వేశాను. అది తింటూ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

తర్వాత మాకు అమ్మాయి పుట్టింది. బారసాలకి అక్కావాళ్ళని పిలవాల్సిందేనని మా ఆయన పట్టుబట్టాడు. ఆవిడ వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్ళి చేతులు సింకులో పెట్టేసింది. అందరూ పాపని ఎత్తుకుని ముద్దులాడుతుంటే ఆవిడ గుమ్మం దాటి ఇవతలకి రాలేదు. ఎవరి పిల్లలు కనిపించినా లాక్కుని ఎత్తుకునే మనిషి, నా పిల్ల వైపు చూడను కూడా లేదు. అంత పొగరా అనుకున్నాను.

2013 ఎండాకాలంలో ఒకరోజు భోజనం దగ్గర మా ఆయన, "అక్కావాళ్ళు అట్లాంటా దగ్గర అల్ఫారెట్టా వెళ్ళిపోతున్నారు. అన్నకి అక్కడ జాబ్" అన్నాడు. మంచిది అన్నాను. మర్నాడు చేసిన సాంబారులో చింతపండు వేయడం మర్చిపోయాను. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు, అదింకా కోపం తెప్పించింది.

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ వంటిల్లు ముందే అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోతుంది కాబట్టి, ఆ రోజు తలా ఒకరు తలా ఒక వంటకం తీసుకెళ్ళడం, మగవాళ్ళు ట్రక్కులో సామాను ఎక్కించడం ఇక్కడ మనవాళ్ళకి అలవాటు. నేను పులిహోర చేశాను. గిన్నె అక్కడ పెట్టి వచ్చేద్దామనే అనుకున్నాను. వెళ్ళేసరికి భోజనాలు సగంలో ఉన్నాయి. అందరూ ఉత్త నేల మీద కూర్చుని కాగితం ప్లేట్లలో తింటున్నారు. తినేసి ఆడవాళ్ళు ఒక్కొక్కరే అక్కని కౌగిలించుకుని వెళ్ళిపోయారు. మగవాళ్ళు బయట సోఫాని ట్రక్కులోకి ఎలా తిప్పాలో పోట్లాడుకుంటున్నారు. మా మూడేళ్ళ పాప, ఆవిడ కూతురు ఖాళీ హాల్లో అరుస్తూ ప్రతిధ్వని వింటున్నారు.

పులిహోర గిన్నె తెచ్చుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. అక్క ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని అరలు తుడుస్తోంది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. అది నేను దూరం నుంచి చూడలేదు. ఎందుకు చేశానో తెలియదు, ఇంకో గుడ్డ తీసుకుని పక్కన కూర్చుని కూరగాయల డ్రాయర్ తుడవడం మొదలుపెట్టాను. ఆవిడ సబ్బునీళ్ళ గిన్నె నా వైపు జరిపింది.

"చెల్లె, ఒక మాట అంట. కోపానికి రాకు" అంది, అరలోకే చూస్తూ.

నేను డ్రాయర్ మూలలు తుడుస్తూనే ఉన్నాను.

"ఉంటే ఇయ్యేడు స్కూల్‌కు పోతుండె గద."

నా చెయ్యి ఆగిపోయింది. ఎవరి గురించో ఆవిడ చెప్పలేదు, చెప్పక్కర్లేదు. ఆ వారమే నేను బజారులో పిల్లల బ్యాగుల ముందు నిలబడి, కిండర్‌గార్టెన్ పిల్లలు వీపున తగిలించుకునే చిన్న బ్యాగు ఒకటి చేత్తో పట్టుకుని, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ బిడ్డ పేరెత్తితే నేను బాధపడతానని మా ఆయన ఎత్తడు. అమ్మ అసలు జరగనట్టే ఉంటుంది. ఆ బిడ్డ వయసు మనసులో పెట్టుకుని తిరిగేది ఈ లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను.

"మీకు గుర్తుందా అక్కా?" అన్నాను.

"ఎట్ల మర్చిపోత? నా నోరే తగిలింది గద. అప్పటిసంది ఎవ్వల సీమంతానికి పోలే నేను. పిలిస్తే డ్యూటీ ఉన్నదని చెప్త. నీ బిడ్డ బారసాల నాడు గూడ దగ్గరికి రాలే. మల్ల నా కన్ను పడుతదేమో అని."

నేను ఇన్నేళ్ళూ ఆవిడ ఇంకెవరి ఇంట్లోనో నవ్వుతూ, స్వీట్లు పంచుతూ ఉందనుకున్నాను. మంచి కబురు దాచుకోలేని మనిషి, మంచి కబుర్లున్న ఇళ్ళకే వెళ్ళడం మానేసింది. తెల్లారితే ట్రక్కు వెళ్ళిపోతుంది. నేను నోరు విప్పకపోతే ఆవిడ ఇదంతా మోసుకుని ఆ ఊరు పోతుంది, అక్కడా అలాగే బతుకుతుంది. నా పౌరుషం అప్పటికీ నన్ను వెనక్కి లాగుతూనే ఉంది, గిన్నె తీసుకుని లేచిపో అంటూనే ఉంది.

"డాక్టర్ చెప్పింది కదక్కా, ఎవరి వల్లా కాదని" అన్నాను.

"డాక్టర్లు గట్లనే అంటరు. నేను గూడ మా షాప్‌ల అందరికి గట్లనే చెప్త" అంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట అంతకుముందు నా మనసులో కూడా లేదు. "అక్కా, ఆ బిడ్డ కోసం ఎవరైనా పట్టుచీర కట్టుకున్నారంటే అది ఆ రోజే. ఎవరైనా పాట పాడారంటే అది మీ ఇంట్లోనే. మీరు చేయకపోయి ఉంటే ఆ బిడ్డకి ఈ భూమ్మీద ఒక్క ముచ్చట కూడా జరిగేది కాదు" అన్నాను.

అక్క ఫ్రిజ్ తుడిచే గుడ్డే మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "నువ్వు ఆ దినం ఎంత నవ్వినవ్ చెల్లె. గాజులు చూసుకుంట, ఒక్కతీరు నవ్వినవ్" అంది.

నవ్వాను. నిజమే. ఆ కుర్చీలో కూర్చుని నేను సిగ్గుపడి, మురిసిపోయి, ఇంటికొచ్చి మా ఆయనకి గాజులు గలగలలాడించి చూపించాను. కోపం ఆ తర్వాత వచ్చింది. దాన్ని నేనే వెనక్కి జరిపి ఆ శనివారం మీద పెట్టి, అది మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు నమ్ముకున్నాను. అలా నమ్మడంలో ఆ బిడ్డతో నాకున్న ఒకే ఒక్క సంతోషమైన రోజుని కూడా పోగొట్టుకున్నాను. అక్క దాన్ని ఇన్నేళ్ళూ భద్రంగా ఉంచి, ఊరు వదిలే ముందు నా చేతిలో పెట్టింది.

మా ఆయన టేప్ కోసం లోపలికి వచ్చాడు. తలుపు తీసున్న ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుని ఇద్దరం వెక్కుతుండటం చూసి, "ఏం లేదు, తర్వాత వస్తా" అని అలాగే వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. బయట ఏం చెప్పాడో గానీ, ఆ తర్వాత గంటదాకా ఒక్క మగవాడు కూడా ఇంట్లో అడుగు పెట్టలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక సోమవారం పొద్దున నేను ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు ఆపుతుండగా అల్ఫారెట్టా నుంచి ఫోన్ వచ్చింది.

"చెల్లె, ఈడ పక్కింటి పిల్లది సీమంతం అయింది నిన్న. పోయిన."

"వెళ్ళారా? ఏం చేశారు?"

"ఏం చేస్త. పోంగనే వంటింట్లకు వోయి నిలవడ్డ. ఆ పిల్లనే లేచొచ్చి చెయ్యి పట్టుకోని తీస్కపోయింది, ఆంటీ మీరే ముందుగాల గాజులు తొడగాలె అని. భయమైంది చెల్లె. కానీ తొడిగిన."

తర్వాత ఇక ఆగలేదు. ఆ పిల్లకి ఎన్నో నెల, ఏ రంగు చీర కట్టుకుంది, అత్తగారు ఎవరి మీద అలిగింది, స్వీట్లు ఎవరు చేశారు, ఇంకా ఎవరికీ తెలియదు గానీ పుట్టబోయేది ఆడపిల్లట, అన్నీ చెప్పింది. నాకు మీటింగ్‌కి టైమైంది. కారు దిగకుండా చివరిదాకా విన్నాను.